అన్న పేరు మీద తమ్ముడి శవం

“నా మొగుడు అదిగో, ఆ గుమ్మంలో నిలబడి టీ తాగతన్నాడు. ఆయన సచ్చిపోనాడని నా నోటితో నానే అనాలా? ఏ ఆడదైనా అంటాదేటి?”

పొద్దున్నుంచి నూకరత్నం ఈ మాట అనడం ఇది ఆరోసారి. అన్నప్పుడల్లా గొంతు ఒక మెట్టు పైకెక్కుతోంది. గుమ్మంలో ఉన్న ఎల్లారావు గ్లాసు కింద పెట్టేశాడు. బతికుండి టీ తాగడం కూడా తప్పేనేమో అన్నట్టుంది అతని ముఖం.

ఈశ్వరి గోడకి చేరగిలబడి కూర్చుని తోటికోడలి వైపే చూస్తోంది. ఏడుపు వారం కిందటే అయిపోయింది. ఇప్పుడు ఒళ్ళంతా కోపమే. ఒమన్‌లో చేపల బోటు మీద పనికి వెళ్ళిన తన మొగుడు తాతబాబు పడవలోనే గుండె ఆగి పోయాడని కబురొచ్చి పదకొండు రోజులైంది. పదకొండు రోజులుగా మనిషి ఐసు గదిలో ఉన్నాడు. హార్బరులో ఐసు కొట్టి పెట్టిన సరుకుని కూడా ఎవరూ అన్నాళ్ళు ఉంచరు. ఆ పోలిక తనకే తట్టినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

“నాను నిన్ను సరదాకి అడగతన్నానేటక్కా?” అంది. “నా మొగుడు నీ మొగుడి పేరు పెట్టుకుని ఎల్లాడు. ఆ పేరు ఎట్టిందెవరు? నానా?”

“మరి నానా?”

“నీ మొగుడు. అక్కడే ఉన్నాడు కదా, అడుగు.”

నూకరత్నం అడగలేదు. ఎల్లారావు చెప్పలేదు.

“కార్డు మార్సుకున్నట్టే, ఏటీ అవదు అన్నావు బావా,” ఈశ్వరి వదల్లేదు. “అన్నావా నేదా?”

“అన్నాను,” అన్నాడు ఎల్లారావు నేల చూస్తూ.

అన్నాడు, నిజమే. జాలారిపేటలో ఆ మాట ఎవరన్నా ఎవరికీ వింతగా ఉండదు. సముద్రం మీదికి వెళ్ళేవాళ్ళకి సర్కారు ఇచ్చిన గుర్తింపు కార్డు ఆ ఇంట్లో ఎల్లారావు పేరు మీద ఒకటుండేది. అన్న వెళ్ళిన రోజు అన్న, తమ్ముడు వెళ్ళిన రోజు తమ్ముడు అదే జేబులో వేసుకుని బోటెక్కేవారు. ఇద్దరి ముఖాలూ ఒకటే పోత. అడిగిన అధికారి ఒక్కడూ లేడు. ఎల్లారావు వేట మానేసి స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు పనికి చేరాక కూడా ఆ కార్డు తాతబాబు జేబులోనే తిరిగింది.

తరువాత రింగు వలలు వెయ్యాలా వద్దా అని పేటల మధ్య గొడవ వచ్చింది. తాతబాబు పేరు పోలీసు కేసులోకి ఎక్కింది. పాస్‌పోర్టు రాదని తేలింది. అప్పుడు ఎల్లారావు కాగితాలు పెట్టి తాతబాబు వెళ్ళి ఫొటో దిగాడు, వేలిముద్రలు వేశాడు. పుస్తకం వచ్చింది. ముఖం తమ్ముడిది, పేరు అన్నది, భార్య పేరు నూకరత్నం. ఆ రోజు ఇంటిల్లిపాదీ దాన్ని చేతులు మార్చుకుంటూ చూసి నవ్వుకున్నారు. ఈశ్వరి కూడా నవ్వింది. ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా తన చెంప తనే వాయించుకోవాలనిపిస్తోంది.

“పన్నెండింటికి మస్కట్ నుంచి ఫోను వస్తాది,” అన్నాడు నతానియేల్.

అతను తాతబాబుతో కలిసి చదువుకున్నవాడు. గోపాలపట్నంలో ఇల్లు, పోర్టు దగ్గర ఒక ఎగుమతుల ఆఫీసులో గుమాస్తా. కాగితాల సంగతి తెలిసిన మనిషని అన్నదమ్ముల తల్లి గురువమ్మ కబురు పెడితే ఆఫీసుకి శెలవు పెట్టి మరీ వచ్చాడు. మస్కట్‌లో భీమశంకరరావు అనే ఆయన్ని పట్టుకున్నది కూడా అతనే. అక్కడ తెలుగువాళ్ళెవరు పోయినా ఆసుపత్రుల చుట్టూ, ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషి ఆ భీమశంకరరావు.

“ఎల్లారావు భార్య వీడియోలో మొకం చూసి, మా ఆయనే, ఇంటికి పంపండి అనాలి. రేపు గురువారం. రేపు ఫైలు కదలకపోతే ఎల్లుండి అక్కడ శెలవు. ఆ తరవాత ఆగరు. అక్కడే పాతిపెట్టడానికి బోటు యజమాని కాగితం తయారుగా పెట్టుకున్నాడంట.”

“నిజం సెప్పీకూడదా బాబూ?” గురువమ్మ మొదటిసారి నోరు విప్పింది.

“చెప్పొచ్చమ్మా. చెప్తే పాస్‌పోర్టు దొంగదని తేలుతాది. అక్కడ పోలీసులు, ఇక్కడ పోలీసులు, అటూ ఇటూ ఉత్తరాలు. ఎన్ని నెల్లు పడతాదో నాను చెప్పలేను. అలాగని అబద్ధం ఆడమనీ చెప్పలేను. ఆదివారం చర్చిలో నిలబడాల్సినోణ్ణి. ఫోను కలిపిస్తాను. మాట మాత్రం మీదే.”

“ఆ మాట ఆడితే మా గతేటి?” నూకరత్నం అతని మీదికి తిరిగింది. “ఎల్లారావు సచ్చిపోనాడని కాగితం వొచ్చాక, ప్లాంటు గేటు కాడ ఈయన యేలు ఎడితే మిషను ఏటంటాది? సచ్చినోడివి ఎల్లిపో అంటాది. ఇద్దరు పిల్లల్ని నాను ఏటెట్టి పెంచాలి?”

“గేటు పాసు పోతే ఇంకో పని దొరుకుతాది,” అంది ఈశ్వరి. “నాకు నా మనిషి దొరుకుతాడా?”

“పనే అయితే నాను ఇంత ఏడవను.” నూకరత్నం గొంతు ఒక్కసారిగా దిగిపోయింది. “పేరెట్టి సచ్చాడంటే నిజంగా అయిపోతేనో? నీకైపోనాది కాబట్టి నీకు బయం నేదు.”

ఈశ్వరి లేచింది. నతానియేల్ మధ్యలోకి రాబోయాడు గానీ అతని కంటే ముందు గురువమ్మ లేచింది. డెబ్భై దాటిన మనిషి, మోకాళ్ళు పట్టుకుని లేవడానికే చాలాసేపు పట్టింది. అంతసేపూ కోడళ్ళిద్దరూ ఒకరినొకరు కొరికేసేలా చూసుకుంటూ నిలబడ్డారు.

“మీ మావ సముద్రంలో పోనాడు. మనిషి దొరకనేదు,” అంది గురువమ్మ. “గడ్డితో బొమ్మ సేసి, మీ మావ సొక్కా తొడిగి తగలెట్టీసి, కర్మ అయిపోనాదన్నారు. నాకు అవనేదు. పదారేళ్ళు బోట్లొచ్చే యేళకి ఒడ్డుకెళ్ళి నిలబడ్డాను. పిచ్చిదన్నారు. అన్నోళ్ళలో నువ్వూ ఉన్నావు రత్నం. నా కొడుక్కి నాను గడ్డిబొమ్మ సెయ్యను. ఆడి మొకం సూసి పంపాల. నాను బతికుండగా ఈ ఇంట్లో ఇంకో ఆడది ఒడ్డున నిలబడకూడదు.”

గురువమ్మ కొంగు ముడి విప్పింది. పచ్చదారానికి కట్టిన పసుపు కొమ్ము తీసి పెద్దకోడలి మణికట్టుకి కట్టింది. “గంగమ్మకి సెప్పుకునే వొచ్చాను. అబద్దం నాది. తీసికెళ్తే నన్నే తీసికెళ్తాది. నీ పసుపుకుంకాల జోలికి రాదు.”

నూకరత్నం ఆ దారం వైపు చాలాసేపు చూసింది.

“అయితే ఒక మాట,” అంది చివరికి. “ఈయన నా ఎదురుగా కూకోవాల. ఫోన్లో అగుపడకూడదు, నాకు అగుపడాల. మనిషిని కళ్ళతో సూత్తా ఆ మాట అంటాను. అది మాత్రం...” ఈశ్వరి వైపు చూడకుండానే చెయ్యి చాపింది. “నా కంటికి అగుపడకూడదు.”

“నా మొగుణ్ణి సూడ్డానికి నాను దాక్కోవాలా?”

“దాక్కో. నేపోతే నువ్వే సెప్పుకో.”

తను చెప్పుకుంటే పనికిరాదని ఇద్దరికీ తెలుసు. ఈశ్వరి వంటింట్లోకి వెళ్ళి కర్టెన్ విసురుగా లాగింది. ఒక కొక్కెం ఊడి కింద పడింది.

పన్నెండూ పదికి ఫోను మోగింది. నతానియేల్ దాన్ని బియ్యం డబ్బాకి ఆనించి నిలబెట్టాడు. నూకరత్నం దాని ముందు చాప మీద కూర్చుంది. ఫోనుకి అవతల, ఆమెకి ఎదురుగా, ఎల్లారావు మోకాళ్ళు రెండు చేతులతో చుట్టుకుని కూర్చున్నాడు. వంటింటి గట్టు పట్టుకుని నిలబడిన ఈశ్వరికి అతని వీపు సగం, నూకరత్నం కొప్పు మాత్రమే కనిపిస్తున్నాయి. గొంతులు మాత్రం స్పష్టంగా వినిపిస్తున్నాయి.

“నమస్కారం అమ్మా. ఎల్లారావు గారి భార్య మీరేనా?”

“నానే.”

“మీ పేరు చెప్పండి.”

“నూకరత్నం.”

“ముఖం చూపిస్తాను. ధైర్యం తెచ్చుకోండి. పక్కన ఎవరైనా ఉన్నారా?”

“మా అత్త ఉంది.”

అవతల ఏదో జిప్పు తీసిన చప్పుడైంది. ఆ తరువాత నూకరత్నం ఏడ్చింది.

అది నటన కాదు. ఈశ్వరికి ఆ సంగతి తెలిసిపోయింది, తెలిసినందుకు ఇంకా మండింది. నూకరత్నం ఈ ఇంటికి కాపురానికి వచ్చేసరికి తాతబాబుకి తొమ్మిదేళ్ళు. నీళ్ళు పోసింది, అన్నం పెట్టింది, బడి ఎగ్గొడితే వీపు చీరేసింది. ఇప్పుడు వాడి ముఖం చూసి, “ఓరి నాయినా, ఎలాగైపోనావురా నాయినా,” అంటోంది. నతానియేల్ గట్టిగా దగ్గాడు. ఏ పెళ్ళామూ మొగుణ్ణి అలా పిలవదు. ఏడుపులో అన్న మాట కాబట్టి భీమశంకరరావు పట్టించుకోలేదు.

“మీ ఆయనేనా అమ్మా?”

నూకరత్నం ముక్కు ఎగబీల్చింది. ఎదురుగా ఉన్న ఎల్లారావు వైపు చూసింది.

“మా ఆయనే,” అంది.

మూడు రోజులుగా ఆ మాట కోసమే ఈశ్వరి ఈ ఇంట్లో అరిచింది, అన్నం మానేసింది, అత్త కాళ్ళు పట్టుకుంది. తీరా ఆ మాట చెవిన పడ్డాక, వెళ్ళి ఆ కొప్పు పట్టుకుని ఈడ్చెయ్యాలనిపించింది. ఇంతకాలం తాతబాబు ఎవరి పేరుతో తిరిగినా రాత్రికి తన మనిషిగా ఇంటికొచ్చేవాడు. ఇప్పుడు ఆ ఒక్కటీ కూడా వేరేవాళ్ళు తీసుకున్నారు, అదీ తనే బతిమాలి ఇప్పించింది.

“సరేనమ్మా. ఫైల్లో రాయడానికి ఒక గుర్తు కావాలి. ఒంటి మీద పుట్టుమచ్చో, పాత దెబ్బో, ఏదైనా చెప్పండి.”

ఆ ప్రశ్న వస్తుందని నతానియేల్‌కి కూడా తెలియదు. నూకరత్నం ఒక్క క్షణం తడబడింది. కళ్ళెదురుగా కనిపించిందే నోటికొచ్చింది.

“కుడి సేతి మీద కాలిన మచ్చ. మోసేతి కాణ్ణుంచి మణికట్టు దాకా.”

ఈశ్వరి గట్టు వదిలేసింది. ఆ మచ్చ బావది. ప్లాంటులో చేరిన మొదటి ఏడు నిప్పురవ్వలు పడి కాలింది. ఆ చెయ్యే ఇప్పుడు మోకాళ్ళ చుట్టూ నూకరత్నం కళ్ళముందు ఉంది.

“కుడి చెయ్యా?” అవతల బట్ట సర్దిన చప్పుడు. “కుడి చేతి మీద ఏమీ లేదమ్మా.”

ఎల్లారావు మెల్లిగా ఆ చెయ్యి వెనక్కి దాచుకున్నాడు.

“కంగారులో ఉన్నారు. నిదానంగా ఆలోచించి చెప్పండి. ఇంకేదైనా గుర్తుందా?”

నూకరత్నానికి ఏమీ గుర్తు రాలేదు. ఎలా వస్తుంది. గురువమ్మకి కొడుకు చిన్నప్పటి ఒళ్ళు తెలుసు గానీ పెళ్ళయ్యాక తగిలిన దెబ్బలు తెలియవు. నతానియేల్ ఫోను వైపు, కర్టెన్ వైపు మార్చి మార్చి చూస్తున్నాడు. అవతల మనిషి ఎదురు చూస్తున్నాడు. ఇంకో నిమిషం ఇలాగే గడిస్తే ఫోను పెట్టేస్తాడు, పెట్టేశాక ఏం రాసుకుంటాడో దేవుడికే తెలియాలి.

ఈశ్వరి కర్టెన్ తోసుకుని వచ్చేసింది.

“ఎడం బుజం ఎనక సూడండి. జెల్లసేప ముల్లు దిగిన మచ్చ. నాలుగు కుట్లు.”

వచ్చి, తనే నూకరత్నం పక్కన చాప మీద కూలబడింది. అప్పటికి అవతల తాతబాబుని పక్కకి తిప్పుతున్నారు. ఈశ్వరికి ముఖం కనపడలేదు. భుజం ఒక్కటే కనపడింది. నల్లగా, ఎప్పటిలాగే ఎముక పొడుచుకొచ్చినట్టున్న భుజం. అవతలి ఫోను ఆ మచ్చ దగ్గరగా వెళ్ళింది.

“ఉంది,” అన్నాడు భీమశంకరరావు. “నాలుగు కుట్లు. సరిగ్గా ఉన్నాయి. మీరెవరమ్మా?”

“తోటికోడల్ని. ఈ అక్కకి.”

“అంటే ఆయన తమ్ముడి భార్య.”

“ఆ.”

ఆయన ఏదో రాసుకున్నాడు. కలం ఆగింది.

“భార్యకి తెలియని మచ్చ మీకెలా తెలిసిందమ్మా?”

ఆయన గొంతులో వెటకారం లేదు. కాగితం నింపే మనిషి అడిగే ప్రశ్న అది. కానీ ఆ గదిలో ఉన్నవాళ్ళెవరికీ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎల్లారావు కళ్ళు మూసుకున్నాడు. నతానియేల్ బయటికి చూస్తున్నాడు.

ఈశ్వరికి ఒళ్ళు భగ్గుమంది. ఆ భుజానికి మూడు వారాలు పసుపు రాసింది తను. కుట్లు లాగుతున్నాయంటే పక్కన కూర్చుని విసిరింది తను. తన మొగుడి వీపు తనకి తెలిసినందుకు, ఇంతమందిలో తప్పు చేసినదానిలా జవాబు చెప్పుకోవాలి. నాలుక చివరిదాకా వచ్చిన నిజాన్ని మింగేసింది.

“మా ఆయనా ఆయనా ఒకే బోటు. ముల్లు లాగింది మా ఆయనే. ఇంటికొచ్చి సెప్పాడు.”

“మీ ఆయన పేరు?”

మొగుడి పేరు నోటితో అనే అలవాటు ఆమెకి లేదు. ఏడేళ్ళ కాపురంలో ఒక్కసారీ అనలేదు.

“తాతబాబు,” అంది, తెర మీది భుజం వైపు చూస్తూ.

“ఆయన ఇప్పుడు ఎక్కడున్నారు?”

“యేటకెళ్ళాడు.”

“ఎప్పుడొస్తారు?”

గురువమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఈశ్వరి రెప్ప వాల్చలేదు.

“రేపు,” అంది.

“మంచిది,” అన్నాడు భీమశంకరరావు, నిజంగానే తేలికపడినట్టు. “గుర్తు చెప్పడంలో తేడా వచ్చింది కదా, ఇక భార్య మాట ఒక్కటే సరిపోదు. నన్నే అడుగుతారు. సొంత తమ్ముడున్నాడు కాబట్టి గట్టెక్కాం. రేపు పదకొండింటికి ఆయన్ని ఇలాగే ఫోను ముందు తన ఆధార్ కార్డు పట్టుకుని కూర్చోమనండి. నేను తాతబాబుని, ఇది మా అన్న ఎల్లారావు అని ఆయన నోటితో చెబితే చాలు, మధ్యాహ్నానికి ఫైలు కదిలిస్తాను. చెప్పకపోతే మాత్రం నా చేతుల్లో ఏమీ లేదమ్మా.”

భుజం మాయమైంది. నతానియేల్ ఫోను తీసి జేబులో పెట్టుకున్నాడు, ఎవరి ముఖమూ చూడకుండా.

ముందుగా మాట్లాడింది ఎల్లారావు.

“నాను సెప్తాను,” అన్నాడు. “మొకాలు ఒకటే కదా. ఆడి కార్డు పట్టుకుని, నానే తాతబాబునని సెప్తాను. ఈ తప్పు నాదే. నానే దిద్దుతాను.”

గురువమ్మ తల ఊపింది. నూకరత్నం ఊపలేదు.

“నీ మొగుణ్ణి నా మొగుడన్నాను,” అంది ఈశ్వరితో, చాలా నెమ్మదిగా. “రేపు నా మొగుణ్ణి నీ మొగుడనాలా?”

“అనాలి.”

“అన్నాక? ఎల్లారావు సచ్చిపోతాడు. తాతబాబు బతికుంటాడు. ఈ మనిషి రేపట్నుంచి ఎక్కడ పనికెల్లినా, ఎక్కడ యేలెట్టినా తాతబాబే. నాను మొగుడు పోనదాన్ని. మరి ఆ బతికున్న తాతబాబు ఏ ఆడదాని మొగుడే?”

పొద్దున్నుంచి దేనికీ నోరు ఆగని ఈశ్వరి అత్త వైపు చూసింది. గురువమ్మ గోడ వైపు తిరిగి కూర్చుంది.

నూకరత్నం లేచి ఎల్లారావు చెయ్యి పట్టుకుంది. “నడు. పిల్లల్ని బడి కాణ్ణుంచే తీసికెళ్ళిపోదాం. రేపు పదకొండింటికి నువ్వు ఈ ఊళ్ళో ఉండవు.”

“రత్నం, తమ్ముడే అక్కడ...”

“నడమన్నాను.”

అతను లేచాడు. రెండడుగులు వేశాడు కూడా. ఈశ్వరి అతని కంటే ముందు గుమ్మం చేరుకుంది. చేరుకుని, గుమ్మానికి అడ్డంగా కాళ్ళు చాపి కూర్చుంది. ఆ పేటలో మనిషిని దాటుకుని వెళ్ళడమంటే ఆ మనిషి ఇక లేదనుకోవడమే. పసిపిల్లనైనా పొరపాటున దాటితే వెనక్కి దాటి వస్తారు.

“ఎల్లండి,” అంది ఈశ్వరి. “నన్ను దాటుకుని ఎల్లండి.”

ఎల్లారావు ఆగిపోయాడు.

నూకరత్నం చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని కాలెత్తింది.